ఏలీయా చేసిన కోరలు

ఏలీయా చేతికి వచ్చిన నోళ్ళకు లెక్క లేదు. మార్కాపురం కంభం రోడ్డులో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ ఉంది. దాని మేడమీద పదడుగుల గది అతనిది. కింద డాక్టరు నోటి అచ్చు తీసి పైకి పంపితే, ఏలీయా అందులో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు పేర్చి, ఉడికించి, నున్నగా మెరుగుపెట్టి పళ్ళ సెట్టు కిందికి దించుతాడు. పొదిలికి చెందిన చెంచమ్మ అనే ముసలామె అతను చేసిన సెట్టు పెట్టుకుని చెరుకు గడ నమిలి, "నా సొంత పళ్ళు గూడా ఇంత చాకిరీ చెయ్యలేదు" అని సంతంతా చాటింది. అంతకు మించిన సర్టిఫికెట్ ఏలీయాకు లేదు, అక్కర్లేదు కూడా.

పని అతనికి బడిలో రాలేదు. టెన్త్ తప్పి ఊరికే తిరుగుతుంటే, అక్క భాగ్యమ్మ చెవి పట్టుకుని తీసుకుపోయి పొదిలిలో పిచ్చయ్య అనే పళ్ళ మెకానిక్ దగ్గర పడేసింది. పిచ్చయ్య ఆరు నెలలు ప్లాస్టర్ గిన్నెలు కడిగించాడు. ఆ తర్వాత పలకల ఫ్యాక్టరీ వెనక పారబోసిన బలపం ముక్కలు గంపెడు తెప్పించి ముందర పోసి, "ఇందులోనుంచి పన్ను తియ్యి" అన్నాడు. ముందుపన్ను, కోరపన్ను, దవడపన్ను. ఒక్కోటి వంద చెక్కాలి. తొంభై తొమ్మిది బాగుండి ఒకటి చెడితే మళ్ళీ మొదలు. పిచ్చయ్య నోటినుంచి మెచ్చుకోలు ఎన్నడూ రాలేదు. రెండేళ్ళయ్యాక ఒకరోజు ఏలీయా చెక్కిన కోరపన్ను ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు. మెచ్చుకోవడం అంటే అదేనని ఏలీయాకు అర్థమైంది.

ఇన్ని నోళ్ళు బాగుచేసినవాడు తన నోరు మాత్రం ఎవరికీ చూపించేవాడు కాదు. అతనిది హనుమంతునిపాడు మండలంలో ఒక మెట్ట ఊరు. అక్కడి బోరింగు నీళ్ళలో ఫ్లోరైడ్. పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు వచ్చేటప్పుడే వాటితోపాటు గార వచ్చేస్తుంది. పంటిమీద అడ్డంగా గోధుమరంగు చారలు, నడుమ సున్నం చిలికినట్టు చుక్కలు. బొగ్గుతో తోమినా, ఉప్పుతో తోమినా, కంపెనీ పేస్టుతో తోమినా కదలదు. ఊళ్ళో ఉన్నంతకాలం అదొక లోపమని అతనికి తెలియదు, అందరివీ అవే పళ్ళు కాబట్టి. పొదిలి హైస్కూల్లో చేరిన మొదటిరోజు తెలిసింది. అప్పటినుంచి నవ్వు వచ్చిందంటే చాలు, ఎడమచెయ్యి దానంతటదే మూతిమీదికి పోయేది. నవ్వులేని మనిషి కాదు. పది మాటల్లో ఎనిమిది హాస్యాలాడే రకం. అవతలివాళ్ళను పగలబడి నవ్వించి, తను చేతి చాటున నవ్వుకునేవాడు.

ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాక భాగ్యమ్మ పట్టుబట్టి సంబంధం చూసింది. అమ్మాయి పేరు ఎలీషబా. కంభం దగ్గర పల్లె. మార్కాపురంలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీ హాస్టల్లో వార్డెన్‌గా ఉంది. నవంబరులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి ఇంట్లో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఎలీషబా నవ్వు ముఖంతో పలకరించింది. కంభం చెరువు నీళ్ళు తాగి పెరిగిన పళ్ళు. లేత జొన్నకంకిలా వరస తప్పకుండా ఉన్నాయి. మనిషి ముఖం కంటే ముందు పళ్ళు చూడడం ఏలీయా వృత్తి. చూశాడు. నాలుకతో తన పళ్ళు తడుముకున్నాడు.

అంతలో పాస్టరమ్మ వచ్చి ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో బిస్కెట్ల ప్లేటు పెట్టింది. రెండు చేతులూ నిండిపోయాయి. ఇక నవ్వొస్తే మూసుకోవడానికి చెయ్యి లేదు. కాబట్టి నవ్వకూడదని నిశ్చయించుకున్నాడు. పాస్టరుగారు ఒక హాస్యం చెప్పారు, ఏలీయా కిటికీ వైపు చూశాడు. ఎలీషబా "మీ పని గురించి చెప్పండి" అంది. పెదవులు కదిలీ కదలనట్టు, "పళ్ళు చేస్తా" అన్నాడు. అరగంటలో అతను మాట్లాడింది అదొక్కటే.

ఇంటికి వచ్చాక నెత్తిన గుడ్డ వేసుకుని పడుకున్నాడు. సంబంధం పోయిందనే అనుకున్నాడు. సాయంత్రం భాగ్యమ్మ చెంగు ఎగరేసుకుంటూ వచ్చింది.

"రేయ్, లెయ్యి. పిల్ల కాదన్లేదు. ఈస్టరు లోపల చెప్తానన్నదంట. నువ్వు అచ్చం కోటు బాబు లెక్క ఉన్నావని పాస్టరమ్మతో అన్నదంట."

"కోటు బాబెవురక్కా?"

"నాకేం తెలుసు? టీవీలో వస్తాడంట. ఎవరో హీరోనే అయ్యుంటాడు. నిన్ను హీరో అన్న మొదటి ఆడమనిషిరా నాయనా, వదులుకోమాక."

ఆ రోజుల్లో ఊళ్ళో కేబుల్ చానల్లో సాయంత్రం ఆరున్నరకు ఒక డబ్బింగు సీరియల్ వచ్చేది. హీరో రక్తపిశాచి. రెండు వందల ఏళ్ళ వయసు, చూస్తే పాతికేళ్ళు. మల్లెపువ్వు రంగు, మోకాళ్ళదాకా నల్లకోటు. ఒక కాలేజీ అమ్మాయిని ప్రేమిస్తాడు. ప్రేమిస్తున్నట్టు చెప్పడు. గోడకు ఆనుకుని చూస్తాడు, నిట్టూరుస్తాడు, ముఖం తిప్పుకుంటాడు, వర్షంలోకి నడిచిపోతాడు. హాస్టలు పిల్లలు వాడికి కోటు బాబు అని పేరు పెట్టారు. ఆ ఆరున్నరకు మార్కాపురం ఆడవాళ్ళలో సగం మంది పొయ్యి కట్టేసి టీవీ ముందు కూర్చునేవాళ్ళు.

అక్కా తమ్ముడూ ఆ సాయంత్రమే చూశారు. భాగ్యమ్మకు మొదట్లో మనసు ఒప్పలేదు.

"పిశాచమా! ప్రార్థన చేసుకునే పిల్ల పిశాచాన్ని చూస్తదా?"

అంతలో తెరమీద హీరో ఒక సిలువను చూసి వెనక్కి తగ్గాడు. భాగ్యమ్మ కొంచెం కుదుటపడింది. గోడమీద చర్చి క్యాలెండరు వైపు చూసి, "మన ఇంట్లోకైతే రాలేడులే" అంది. ఇంకాసేపటికి వాడికి వెల్లుల్లి పడదని తెలిసింది. "అయితే మన ఊరి పొలిమేర గూడా దాటలేడు. వాడితో భయమేం లేదు, చూద్దాం కూర్చో."

ఏలీయా మాత్రం హీరో నోటినే చూస్తున్నాడు. ఎంత సంతోషం వచ్చినా వాడు పెదవులు విడదీయడం లేదు. నవ్వు వస్తే చాలు, తల వంచుకుంటాడు. అమ్మాయి దగ్గరికి వస్తే మూతి బిగించుకుని పక్కకు తిరుగుతాడు.

"అక్కా, వీడిది ఫ్లోరైడ్ ఊరే" అన్నాడు ఏలీయా.

"ఎట్ల చెప్తావురా?"

"చూడు, పళ్ళు కనపడనియ్యడు. మనోళ్ళు ఫోటో దిగేటప్పుడు అచ్చం ఇట్లనే ఉంటారు."

భాగ్యమ్మ ముందుకు వంగి చూసి ఔనంది. "పాపం, ఏ కనిగిరి అవతలోడో." కోరలున్నాయి కాబట్టి దాస్తున్నాడని ఇద్దరికీ తెలిసింది వారం తర్వాత. తెలిశాక కూడా ఏలీయాకు వాడిమీద ఆ దగ్గరితనం పోలేదు. కోరలైతేనేం, గారైతేనేం. పళ్ళు దాచుకునేవాడి బాధ పళ్ళు దాచుకునేవాడికే తెలుసు.

ఒక సంగతి మటుకు తేలిపోయింది. ఎలీషబాకు నచ్చింది మాట్లాడని, నవ్వని మనిషి. అదైతే కష్టమేం కాదు. ఏలీయా సాధన మొదలుపెట్టాడు. క్లినిక్ మెట్ల దగ్గర గోడకు ఆనుకుని దూరంగా చూస్తూ నిలబడ్డాడు. చొక్కా వీపుకు సున్నం అంటింది. కింద డాక్టరమ్మ, "ఏం ఏలీయా, ఒంట్లో బాగాలేదా?" అని మాత్ర ఇచ్చింది. సెట్టు బిగుతుగా ఉందని సరిచేయించుకోవడానికి వచ్చిన చెంచమ్మ గదిలో పావుగంట కూర్చుని, ఒక్క హాస్యమైనా రాలకపోయేసరికి లేచి, "ఎవురన్నా చచ్చిపోయినారా నాయనా?" అని అడిగింది.

సంక్రాంతి సెలవులయ్యాక ఎలీషబా స్వయంగా మెట్లెక్కి వచ్చింది. వెంట ఒక పొడుగాటి అమ్మాయి. పేరు మస్తానమ్మ, బీకాం చివరి సంవత్సరం, పొదిలి దగ్గరి పల్లె. వచ్చేనెల కాలేజీ వార్షికోత్సవంలో పిల్లలు నాటకం వేస్తున్నారు. కోటు బాబు కథే, కాస్త మార్చి మన ఊళ్ళో జరిగినట్టు రాసుకున్నారు. ఆడపిల్లల కాలేజీ కాబట్టి హీరో కూడా ఆడపిల్లే.

"అందరూ మస్తానమ్మే కావాలన్నారు. పొడుగుంది, గంభీరంగా ఉంటుంది. ఈ మూడేళ్ళలో ఇది నవ్వగా నేను చూడనేలేదు" అంది ఎలీషబా. "కోరలు కావాలండీ. బజార్లో ప్లాస్టిక్‌వి దొరికినాయి, అవి పెట్టుకుంటే మాట రావట్లా. మీరు చెయ్యగలరా?"

ఏలీయా తల ఊపాడు. పని మాట వచ్చాక మనిషి మారాడు. సున్నం చొక్కా సంగతి మరిచిపోయాడు. మస్తానమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, అచ్చుముద్ద కలిపి, "నోరు తెరువమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి తెరవలేదు. ఎలీషబా వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూసింది. ఏలీయాకు అర్థమైంది. "మేడం, కొంచెం నీళ్ళు తెస్తారా, కింద కుండలో ఉన్నాయి" అన్నాడు. ఎలీషబా వెళ్ళాక మస్తానమ్మ నోరు తెరిచింది. లోపల తన పళ్ళలాంటి పళ్ళే. ముద్ద పెట్టి, రెండు నిమిషాలు ఆగి, అచ్చు తీసి, నోరు తుడుచుకోమని గుడ్డ ఇచ్చాడు. ఎలీషబా నీళ్ళతో వచ్చేసరికి ఆ పిల్ల మళ్ళీ గంభీరమైపోయింది.

ప్లాస్టర్ గట్టిపడే దాకా కూర్చున్నారు. ఏలీయా ఉండబట్టలేక అడిగాడు.

"అందరికీ ఆ కోటు బాబంటే ఎందుకంత ఇది?"

"నేను గూడా పిల్లల్ని అడిగినానండీ, ఏముందే వాడిలో అని. ఒకతి ఏమన్నదో తెలుసా? మా ఇంట్లో మగోళ్ళకి కోపమొస్తే చెంబు విసిరేస్తారు మేడం, వాడికి కోపమొస్తే వాడే బయటికి పోతాడు, అన్నది. ఇంకొకతి, పిలవకుండా గడప దాటడు మేడం, అన్నది. నిజమే గదా, పిశాచాలకు అదే రూలంట. ఇంట్లోవాళ్ళు రమ్మంటేనే లోపలికి రావాల. మా హాస్టలుకొచ్చే అన్నలు, బావలు ఒక్కరన్నా గేటు దగ్గర ఆగుతారా? నేను కర్ర పట్టుకుని నిలబడాల్సిందే."

"మరి మీకు?"

ఎలీషబా ఆలోచించింది. "తనలో ఒక చెడుందని వాడికి తెలుసు. అది ఆ పిల్లకి తగలకూడదని పక్కకి జరిగిపోతా ఉంటాడు. తనలో చెడుందనుకునే మగోడు మనకి యాడ కనపడతాడు చెప్పండి?"

మస్తానమ్మ మూతి బిగించుకుని నేలచూపులు చూస్తోంది. ఏలీయా కూడా అంతే.

నాలుగు రోజుల్లో కోరలు తయారయ్యాయి. మస్తానమ్మ పళ్ళమీద సరిగ్గా కూర్చునేలా గాజులాంటి సన్నటి తొడుగు, దానికి రెండు కోరలు. తొడుగు మందం కాగితమంత. పెట్టుకుని పది నిమిషాలు పాట పాడినా ఊడదు. రంగు విషయంలో మటుకు ఏలీయా ఆలోచించనే లేదు. ఆలోచించే అలవాటు లేదు. ఆ చుట్టుపక్కల సెట్టు కట్టించుకునే వాళ్ళెవరైనా అడిగేది ఒకటే, "అన్నిటికన్నా తెల్లవి పెట్టు." జన్మంతా గార మోసినవాళ్ళు, ముసలితనంలోనైనా మల్లెమొగ్గలు కావాలంటారు. కంపెనీవాళ్ళు పదహారు రంగుల్లో పళ్ళు పంపుతారు. పదిహేను రంగులు అతని సొరుగులో పేరుకుపోయి ఉండేవి. చెయ్యి అలవాటుగా తెల్లవాటికే వెళ్ళింది.

రిహార్సల్ చూడ్డానికి రమ్మంటే, ఉన్న ఒక్క నల్లచొక్కా వేసుకుని వెళ్ళాడు. హాలు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఈసారి సున్నం అంటని రంగుల గోడ చూసుకున్నాడు.

కథలో హీరో తన నిజం బయటపెట్టే ఘట్టం. హీరోయిన్ అడుగుతుంది, "ఎందుకు నాకు దూరంగా పోతా ఉంటావు?" అప్పుడు మస్తానమ్మ మెల్లగా తల ఎత్తి నోరు తెరవాలి. తెరిచింది.

గోధుమరంగు పళ్ళ వరసలో రెండు తెల్లటి కోరలు తళుక్కుమన్నాయి. రేగడి చేలో రెండు కొంగలు వాలినట్టుంది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "కోరలు కొత్తవి, పళ్ళు పాతవి" అని ఇంకెవరో అన్నారు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. పిల్లల మనసులో చెడేమీ లేదు, నవ్వాపుకోలేకపోయారంతే. మస్తానమ్మ చెయ్యి మూతిమీదికి వెళ్ళింది. ఎడమచెయ్యి. కోరలు తీసి బల్లమీద పెట్టి, "నేను వెయ్యను మేడం" అని గదికి వెళ్ళిపోయింది.

ఎలీషబా పిల్లలమీద కేకలేసి ఏలీయా దగ్గరికి వచ్చింది. "మీ పని బాగానే ఉందండీ. అది చిన్నపిల్ల, నచ్చజెప్తా."

"లేదు మేడం. పని తప్పింది" అన్నాడు ఏలీయా. గోడ వదిలేసి ముందుకు వచ్చాడు. "పక్కపన్ను చూడకుండా పన్ను పెట్టినా. పిచ్చయ్య ఉంటే నెత్తిన గిన్నె బోర్లించేవాడు. ఆదివారం ఆరాధనయ్యాక ఆ అమ్మాయిని ఒక్కసారి తీసుకురండి. వేరేవి చేసిస్తా."

ఆ సాయంత్రం కోటు బాబును చూడలేదు. సొరుగులన్నీ బోర్లించి, ఎన్నడూ ఎవరూ అడగని ముదురు రంగు పళ్ళు వెతికి తీశాడు. కోరల్లా సానబట్టాడు. రంగు పొడుల డబ్బాలు దుమ్ము దులిపి మూతలు తీశాడు. గోధుమరంగు చారలు గీశాడు, సున్నపు చుక్కలు పెట్టాడు. బాగున్నాయి. అయితే సరిపోల్చి చూసేదెట్లా? అచ్చులో ఆకారమే తప్ప రంగు రాదు. అచ్చు తీసిన రోజు ఆ పిల్ల పళ్ళు చూశాడు కానీ, కళ్ళతో గుర్తుపెట్టుకున్న రంగును పిచ్చయ్య శిష్యుడు నమ్మడు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ వచ్చారు. మస్తానమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

"రంగు చూడాల. ఒక్క నిమిషం నోరు తెరువమ్మా" అన్నాడు ఏలీయా.

"నేను తెరవనన్నా. నాటకం ఇంకెవురన్నా వేస్తారు. మేడం బలవంతం చేస్తే వచ్చినా."

"మేడం బయటుంటారులే."

"ఎవురున్నా తెరవను. అందరూ చూసేసినారుగా."

ఎలీషబా బతిమాలింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపుతోంది, పెదవులు రాయిలా బిగుసుకున్నాయి. ఏలీయా చేతిలో కోర ఉంది. తప్పు తన చేతిదే. దిద్దడానికి దారి ఒకటే ఉంది. ఆ దారికి అడ్డంగా జొన్నకంకి పళ్ళతో ఎలీషబా నిలబడి ఉంది. ఈస్టరుకు ఇంకా రెండు నెలలుంది. ఈ రెండు నెలలూ గోడకు ఆనుకుని మూతి బిగించుకుంటే ఎలీషబా పెళ్ళికి సరేనంటుంది. అలా అనుకుంటూ ఒక్క క్షణం నిలబడ్డాడు.

తర్వాత గోడకున్న అద్దం దించి బల్లమీద పెట్టాడు. కిటికీ రెక్క తెరిచాడు. వెలుతురు ముఖాన పడేలా కూర్చుని, చెవులదాకా నోరు సాగదీసి, ఆ కోర తన కోరపన్ను పక్కన పెట్టుకున్నాడు.

"ఇటు రామ్మా. చూడు, సరిపోయిందా?"

మస్తానమ్మ రెండడుగులు వేసింది. చూసింది. ఇంకో అడుగు వేసింది.

"అన్నా! నీవి గూడా..."

"మాది హనుమంతునిపాడు పక్క. మీ బోరింగుకి మా బోరింగు పెద్దమ్మ కూతురు. చారలు చూడు, ఎవరిది పెద్దదో."

మస్తానమ్మ అద్దంలో అతని పళ్ళనూ కోరనూ మార్చి మార్చి చూసింది. "చుక్క తక్కువైంది" అంది మెల్లగా.

"యాడ?"

"నాకు ఇక్కడ పెద్ద చుక్కుంటది." చూపించడానికి నోరు తెరిచింది. ఏలీయా సందు దొరికిందని కుంచె అందుకున్నాడు. చుక్క పెట్టి ఆమె పంటి పక్కన ఆనించి చూశాడు. ఏది పన్నో, ఏది కోరో తెలియనట్టు కలిసిపోయింది.

"అన్నా, పిశాచానికి గూడా గార పడతదా?"

"మన ఊరి పిశాచం మన నీళ్ళు తాగదా?"

"వాడు తాగేది రక్తం గదా!"

"రక్తం రోజూ దొరకాలి గదమ్మా. దొరకనప్పుడు బోరింగే గతి."

మస్తానమ్మ నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. అది చూసి ఏలీయాకు నవ్వు వచ్చింది. ఒక చేతిలో కుంచె, ఇంకో చేతిలో కోర. మూసుకోవడానికి చెయ్యి లేదు. ఈసారి ఆపుకోలేదు. మూడు నెలలనుంచి మింగిన నవ్వంతా ఒక్కసారే బయటపడింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని చూస్తే, ఎలీషబా తలుపుకు ఆనుకుని అతని నోటివైపే చూస్తోంది. మస్తానమ్మను తీసుకుని వెళ్ళిపోయింది.

వార్షికోత్సవం పొద్దున పదిన్నరకు. పల్లెలనుంచి తల్లులు, నాయనమ్మలు, అన్నలు వచ్చి హాలు కిటకిటలాడింది. హీరోయిన్ అడిగింది, "ఎందుకు నాకు దూరంగా పోతా ఉంటావు?" మస్తానమ్మ తల ఎత్తింది. కోటు బాబుకంటే నెమ్మదిగా, పెదవులు విడదీసింది. గారపట్టిన పళ్ళు, వాటి మధ్య నుంచి మొలిచినట్టే దిగిన గారపట్టిన కోరలు. రెండు వందల ఏళ్ళ పిశాచం అంటే నమ్మేటట్టున్నాయి. ఒక పసిపిల్ల ఏడుపందుకుంది. అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలామె గొంతు గట్టిగా వినిపించింది. "అమ్మో, ఇది మా పొదిలి పక్క పిశాచమేనే!"

ఈలలు పడ్డాయి. మస్తానమ్మ చెదరలేదు. నోరు తెరిచే డైలాగు చెప్పింది, తెరిచే ఏడ్చింది, చివర్న వంగి దణ్ణం పెట్టినప్పుడు తెరిచే నవ్వింది.

ఏలీయా చప్పట్లు కొట్టి బయటికి వచ్చేశాడు. పని కుదిరింది. సంబంధం కుదరకపోయినా ఇదైతే కుదిరింది. అట్లా చెప్పుకుంటూ గదికి వచ్చి, సగంలో ఆపిన సెట్టు ముందేసుకున్నాడు.

మూడోరోజు మధ్యాహ్నం మెరుగుపెట్టే మిషను గోల మధ్య, గడప దగ్గర నీడ పడింది. ఎలీషబా. గడప బయటే నిలబడింది. ఏలీయా మిషను ఆపాడు. ఆమె లోపలికి రాలేదు, కదల్లేదు.

"ఏమండీ, పిలుస్తారా, ఇట్లనే ఉండమంటారా?"

"అయ్యో, రాండి మేడం!" స్టూలు మీద ప్లాస్టర్ దుమ్ము దులిపాడు.

ఆమె కూర్చుంది. "కోరలు బాగున్నాయి. మస్తానమ్మ తిరిగియ్యనంటోంది."

"ఉంచుకోనీయండి. దానికోసం చేసినవే." ఏలీయా ఒక్కసారి ఊపిరి పీల్చి అడిగేశాడు. "మేడం, నేను కోటు బాబు లెక్క ఉన్నానని అన్నారంట. నేను అట్లాంటోణ్ణి కాదు. మీరు చూసినారుగా."

"అన్నాను. పాస్టరమ్మతో అన్నాను, ఇదేందమ్మా, కోటు బాబు లెక్క ఒక్క మాట మాట్లాడడు, ఇట్లాంటోడితో ఎట్లా, అని."

ఏలీయా నోరు దానంతటదే తెరుచుకుంది. "మా అక్క మెచ్చుకున్నారని చెప్పింది!"

"మీ అక్కకి తమ్ముడు గదా, ఏదన్నా మెచ్చుకున్నట్టే వినపడతది." ఎలీషబా నవ్వింది. "కోటు బాబు టీవీలోనే బాగుంటాడండీ. ఆరున్నరకొచ్చి ఏడుకు పోతాడు. ఇంట్లో పెట్టుకుంటే ఎవరు పడతారు? అన్నం తినడు. నవ్వడు. పచ్చట్లో వెల్లుల్లి వెయ్యనియ్యడు. అందుకే ఈస్టరు దాకా గడువడిగినా, ఈ మనిషి మాట్లాడతాడేమో చూద్దామని."

"ఇప్పుడు మాట్లాడినాగా."

"మాట్లాడినారు. నవ్వినారు గూడా. ఇంక ఈస్టరు దాకా ఎందుకు?"

ఏలీయా ఎడమచెయ్యి అలవాటుగా లేచింది. ఎలీషబా దానివైపు చూసింది. చెయ్యి మధ్యలో ఆగి, దిగి, బల్లమీదున్న మైనం కత్తిని సర్దింది.

పెళ్ళి మే నెలలో పాస్టరుగారి చేతులమీదుగా జరిగింది. ఫోటోల్లో పెళ్ళికొడుకు ముప్పై రెండు పళ్ళూ కనబడతాయి. "కాస్త మూసుకోరా, ఫోటోకన్నా" అని భాగ్యమ్మ అన్న మాట వీడియోలో కూడా రికార్డయింది. మస్తానమ్మ ఇప్పుడు గిద్దలూరులో ఒక బడిలో టీచరు. అల్లరి పిల్లలకు ఆ కోరలు పెట్టుకుని చూపిస్తుందని ఎలీషబా చెబుతుంది.

మొదట చేసిన తెల్లకోరలు మాత్రం ఏలీయా దగ్గరే ఉన్నాయి. కిటికీ పక్క గాజుసీసాలో పెట్టుకున్నాడు. ఎవరైనా సెట్టుకు వచ్చి, "అన్నిటికన్నా తెల్లవి పెట్టు నాయనా" అంటే, అతను కాదనడు. ముందు ఆ సీసా చూపించి ఈ కథంతా చెబుతాడు. ఆ తర్వాత కిటికీ రెక్క తెరిచి, తన నోరు తెరిచి, "ఇవి గూడా ఒకసారి చూడండి, ఆనక చెప్పండి" అంటాడు.